అరకు ఘాట్‌లో ముల్లు సున్నాకి పడింది

అరకు వెళ్లొచ్చామంటే అందరూ బొర్రా గుహల గురించే అడుగుతున్నారు. చూడలేదు. మూడు రోజుల్లో నేను నిదానంగా చూసిందల్లా గేర్‌బాక్స్ పక్కన బొటనవేలంత ఉండే ఒక సెన్సర్‌ని.

పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట వరకూ చెప్పడానికేం లేదు. 11 ఏళ్ల పెట్రోల్ బండి, మే నెల, నలుగురం, ఏసీ ఆన్‌లో ఉంది. టైడా దాటాక ఎత్తు మీద రెండో గేర్‌లో ఇంజన్ ఠక్కున ఆగిపోయింది.

ఆగిన తీరులోనే సగం జవాబు ఉంటుంది. పెట్రోల్ అందని ఇంజన్ ముందు దగ్గుతుంది, ఎంత తొక్కినా లాగదు, నీరసపడి నీరసపడి ఆగుతుంది. ఇది స్విచ్ కట్టేసినట్టు ఆగింది. నేనింకా క్లచ్ తొక్కలేదు. బండి గేర్‌లోనే దొర్లుతోంది, అంటే చక్రాలు ఇంజన్‌ని తిప్పుతూనే ఉన్నాయి. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు మాత్రం సున్నా మీద పడుకుంది. తిరిగే ఇంజన్‌ని మీటర్ తిరగట్లేదంటోందంటే, ఆ లెక్క చెప్పాల్సిన క్రాంక్ సెన్సర్ నోరు మూసుకుందన్నమాట. ఆ సిగ్నల్ లేకపోతే బండి కంప్యూటర్ స్పార్క్ ఇవ్వదు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు తెరవదు.

అదంతా తర్వాతి సంగతి. ముందు బండి వెనక్కి జారకుండా చూసుకోవాలి. ఇంజన్ ఆగాక, బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరిపోతుంది. టపటపా తొక్కి దాన్ని పోగొట్టుకోకూడదు, ఒకేసారి గట్టిగా తొక్కి పట్టాలి. స్టీరింగ్ బరువెక్కింది కదా అని తాళం పూర్తిగా వెనక్కి తిప్పి తీసేస్తే అది లాక్ అయి కూర్చుంటుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, మొదటి గేర్ వేసి, వెనక చక్రాల కింద రాళ్లు పెట్టాం.

కిందికి దిగుతున్న జీపాయన ఆగాడు. "పెట్రోలు ఆవిరైపోయుంటాది బాబూ, పంపు మీద తడిగుడ్డ ఎయ్యండి." ఆయన తప్పేం లేదు. మా నాన్న అంబాసిడర్‌లో పంపు ఇంజన్‌కే అతుక్కుని ఉండేది. ఘాట్ ఎక్కితే అందులో పెట్రోల్ నిజంగానే ఆవిరయ్యేది, గుడ్డ తడిపే పని నాది. ఈ బండి పంపు ట్యాంకులో పెట్రోల్లోనే మునిగి ఉంటుంది. గుడ్డ ఎక్కడ వెయ్యను?

ఇగ్నిషన్ స్విచ్, బండి కంప్యూటర్‌కి కరెంటు అందించే మెయిన్ రిలే పోయినా ముల్లు ఇలాగే పడొచ్చు. అందుకే తాళం తిప్పి చెవొగ్గి విన్నాను. వెనక సీటు కింద పంపు 2 సెకన్లు గుయ్యిమంది, చెక్ ఇంజన్ లైటు వెలిగింది. కరెంటుకి లోటు లేదు. బండి కంప్యూటర్‌లో ఉన్నది చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి, ఫోన్‌లో ఆర్పీఎం చూస్తూ స్టార్టర్ కొట్టాను. ఇంజన్ గిర్రున తిరుగుతోంది, తెర మీద 0. కంప్యూటర్ రాసిపెట్టే లోపం కోడ్ ఒక్కటీ లేదు. వచ్చిపోయే జబ్బుకి మొదటిసారే కోడ్ పడాలని లేదు కాబట్టి, కోడ్ లేదంటే సెన్సర్ బాగున్నట్టు కాదు.

25 నిమిషాలు చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అనంతగిరి ఇంకాస్త దూరం ఉందనగా మళ్లీ ఆగింది. ఈసారి పీ0335 పడింది, క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ కోడ్. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి, కింద ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటి బెల్ హౌసింగ్ మీదున్న సెన్సర్ ఒక్కదాని మీదే తడిగుడ్డ పిండాను. కాలుతున్న ఎగ్జాస్ట్ మీద పడనివ్వకూడదు, పగులుతుంది. నాలుగు నిమిషాల్లో స్టార్టయింది. జీపాయన తడిగుడ్డ పనికొచ్చింది, చోటే వేరు.

సెన్సర్ లోపల వెంట్రుకలాంటి రాగి తీగ చుట్ట ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ అదురుకీ ఎక్కడో విరుగుతుంది. వేడెక్కి వ్యాకోచిస్తే విరిగిన కొసలు విడిపోతాయి, చల్లారితే మళ్లీ అంటుకుంటాయి. మైదానంలో గాలి తగిలి గుట్టుగా నడిచిపోతుంది. ఘాట్‌లో స్పీడు లేక, ఏసీ వేడి తోడై రట్టవుతుంది.

ఏసీ ఆపి, మధ్యమధ్య బానెట్ ఎత్తి నిలబెడుతూ, గాలికొండ మీదుగా పొద్దుండగానే అరకు చేరాం. చీకట్లో అయితే ఆ సాహసం చేసేవాణ్ణి కాదు. గాలికొండ దగ్గర చిన్న కప్పు కాఫీ 50 రూపాయలు. చుట్టూ కాఫీ తోటలే, ధర మాత్రం విమానాశ్రయానిది!

అరకులో మెకానిక్ కుర్రాడు పూర్తిగా వినకుండానే, "పంపు పోయింది సార్, మార్చేద్దాం, 7,500 అవుద్ది" అన్నాడు. ఎండలో ఆగిన ప్రతి బండికీ పంపు మార్చడం మన దగ్గర ఆచారం. చల్లారేసరికి బండి ఎలాగూ స్టార్టవుతుంది, ఆ పేరు పంపుకి పోతుంది. "తమ్ముడూ, మల్టీమీటర్ ఉందా?" అన్నాను. మాది రెండు వైర్ల సెన్సర్. ప్లగ్ పీకి కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు 860 ఓమ్‌లు చూపింది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే అంకె కాస్త పెరిగి, ఉన్నట్టుండి ఓపెన్ సర్క్యూట్, అంటే లోపల తీగ తెగినట్టు. కుర్రాడు తనే ఇంకో రెండుసార్లు చేసి చూసుకున్నాడు. మూడు వైర్లదైతే ఈ పరీక్ష చెయ్యొద్దు. అది చాలావరకు హాల్ రకం, అంటే లోపల తీగ చుట్ట బదులు ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది. దానికి సప్లై వోల్టేజీ, ఎర్త్, సిగ్నల్ చూడాలి. ఏ రకమైనా సెన్సర్ మార్చేముందు ప్లగ్‌లో నూనె, ఎగ్జాస్ట్ వేడికి పెళుసెక్కిన వైరు ఉన్నాయేమో చూడాలి. అవి ఉంటే కొత్త సెన్సర్ కూడా అలాగే ఆపుతుంది.

విశాఖ నుంచి సెన్సర్ మర్నాడు ఆర్టీసీ బస్సులో వచ్చింది, 1,150. బ్యాటరీ నెగెటివ్ తీసి, 10 నంబర్ బోల్టు ఒక్కటి విప్పాలి. సెన్సర్ చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ బిగుసుకుని ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ప్లాస్టిక్ విరిగి ముక్క లోపల పడుతుంది. అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. పాతదాని కొసకి ఇనుప రజను అంటుకుని ఉంది. కొత్త ఓ-రింగ్‌కి ఇంజన్ ఆయిల్ రాసి, సెన్సర్ చేత్తోనే పూర్తిగా కూర్చున్నాక బోల్టు వేశాం. బోల్టు బిగించి లోపలికి లాక్కురావాలనుకుంటే సెన్సర్‌కి బోల్టు పట్టే చెవి విరుగుతుంది. బిగింపు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు.

కోడ్ చెరిపేసి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచాం. తర్వాత కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గాలికొండ దాకా రెండో గేర్‌లో, ఏసీ ఆన్ చేసి, వెళ్లొచ్చాం. ముల్లు కదలాల్సినట్టే కదిలింది. మజూరీ 300 తీసుకున్నాడు. పాత సెన్సర్ కూడా అడిగి తీసుకున్నాడు, వాళ్ల ఓనర్‌కి డ్రయ్యర్ పెట్టి చూపిస్తాడట.