ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎం.ఏ.: నిబంధనలతో నా అనుభవం

విజయవాడలో ఒక మందుల పంపిణీ సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగాన్ని వదులుకోకుండా రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేయాలనుకున్నప్పుడు, అన్నిటికంటే ముందు తేల్చుకోవలసి వచ్చిన విషయం ఆ పట్టా రేపు చెల్లుతుందా అన్నది. దూరవిద్య కోర్సులకు గుర్తింపునిచ్చే పని 2013 వరకు దూరవిద్యా మండలిది. ఆ తర్వాత అది విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి (యూజీసీ), అందులోని దూరవిద్య బ్యూరోకు (డెబ్) వచ్చింది. విశ్వవిద్యాలయానికి పేరున్నంత మాత్రాన సరిపోదు. మనం చేరే కోర్సుకు, చేరే విద్యాసంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ జాబితాలో చూసుకోవాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్రం దాటి దూరవిద్య కేంద్రాలు నడపకూడదన్న నిబంధన కూడా ఉంది కనుక, బస్టాండు గోడల మీద దూరప్రాంతాల విశ్వవిద్యాలయాల పేర్లతో కనిపించే ప్రకటనలను నేను లెక్కలోకి తీసుకోలేదు.

బి.ఏ. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగు మాధ్యమంలో చదివాను. 1982లో మొదలైన ఆ సంస్థ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఎం.ఏ.కు మాత్రం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని (ఇగ్నో) ఎంచుకున్నాను. అక్కడ ఈ కోర్సు ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. కళాశాల అధ్యాపక అర్హతకు జరిగే నెట్ పరీక్షలో నా సబ్జెక్టు ప్రశ్నపత్రం కూడా ఆ రెండు భాషల్లోనే ఉంటుంది కాబట్టి, కష్టమైనా ముందే అలవాటు పడటం మేలనిపించింది. 2017 జూలై సెషన్‌లో చేరాను.

ప్రవేశం ఆన్‌లైన్‌లో సులువుగానే ముగిసింది. ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య, స్టడీ సెంటర్ కోడ్ వచ్చాయి, పుస్తకాలు పోస్టులో వచ్చాయి. ఆ తర్వాత ఎవరూ ఏమీ గుర్తు చేయరు. అసైన్‌మెంట్ల సమర్పణ, పరీక్ష ఫారం, రెండో సంవత్సరానికి రీ-రిజిస్ట్రేషన్ అనే మూడు పనులు మూడు వేర్వేరు గడువులతో నడుస్తాయి. ఒకటి పూర్తయిందని రెండోది దానంతటది జరిగిపోదు. రెగ్యులర్ కళాశాలలో ఫీజు కట్టినవాడి పేరు హాజరుపట్టీలోకి, అక్కడి నుంచి హాల్ టికెట్‌లోకి చేరిపోతుంది. ఇక్కడ ప్రతి దశలోనూ విద్యార్థే ముందుకు వచ్చి తన పేరు చెప్పుకోవాలి. రెండో సంవత్సరం రీ-రిజిస్ట్రేషన్‌కు మొదటి సంవత్సరం పరీక్షలు పాస్ కావలసిన అవసరం లేదు, రాయవలసిన అవసరం కూడా లేదు. నాతో చేరిన వారిలో కొందరికి ఇది నమ్మశక్యంగా అనిపించలేదు. ఫలితాలు వచ్చాక ఫీజు కడదామని ఆగినవారికి గడువు దాటిపోయి, మరుసటి సెషన్ దాకా ఎదురుచూడవలసి వచ్చింది.

నేను ఎక్కువ శ్రమపడింది అసైన్‌మెంట్ల దగ్గర. మొదటి సంవత్సరంలో ఎనిమిది క్రెడిట్ల పేపర్లు నాలుగు ఉన్నాయి. ఒక క్రెడిట్ అంటే ముప్ఫై గంటల చదువని విశ్వవిద్యాలయం లెక్క, అంటే పేపరుకు 240 గంటలు. ఒక్కో పేపరుకు వంద మార్కుల అసైన్‌మెంట్ ఒకటి, అందులో ఐదు ప్రశ్నలకు, ప్రతి విభాగం నుంచి కనీసం రెండు చొప్పున, ఐదువందల పదాల చొప్పున జవాబులు రాయాలి. చేతిరాతతోనే రాయాలి. జూన్ పరీక్షలకు మార్చి 31, డిసెంబరు పరీక్షలకు సెప్టెంబరు 30 అప్పట్లో గడువులు. స్టడీ సెంటర్‌లో ఇచ్చేటప్పుడు నకలు ఒకటి ఉంచుకుని, రసీదు మీద ముద్ర వేయించుకునేవాణ్ణి; లెక్కల ఉద్యోగం నేర్పిన అలవాటది. తీరా సమర్పించకుండా గడువు దాటితే పాత ప్రశ్నలకు రాసిన జవాబులు పనికిరావు, కొత్త సెషన్ ప్రశ్నపత్రం తీసుకుని మళ్లీ రాయాలి.

అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజీ అని అందరికీ తెలుసు. రెండింటిలోనూ విడివిడిగా 40 శాతం రావాలన్నది మాత్రం చాలామంది గమనించరు. అసైన్‌మెంట్‌లో 90 వచ్చి, పరీక్షలో 38 వచ్చిందనుకుందాం: 27కు 26.6 కలిపితే మొత్తం 53.6. అయినా ఆ పేపరు తప్పినట్టే. మొదట విన్నప్పుడు ఇది అన్యాయమనిపించింది గాని, ఇంట్లో కూర్చుని రాసే జవాబులు ఎవరి చేతిరాతో తేల్చడం కష్టమైన చోట ఈ షరతు లేకపోతే పట్టాకు విలువ ఉండదని తర్వాత ఒప్పుకున్నాను. దీనికి తోడుగా ఒక వెసులుబాటు ఉంది: పరీక్ష తప్పినా, పాసైన అసైన్‌మెంట్ మార్కులు అలాగే నిలిచి ఉంటాయి, కోర్సు గరిష్ఠ కాలపరిమితి లోపల ఆ పేపరు ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. ఉద్యోగస్తుడికి ఇంతకంటే అనువైన ఏర్పాటు నేను చూడలేదు. నలభైతో పాసయితే చాలని ఊరుకోకూడదు కూడా. నెట్ రాయాలంటే జనరల్ అభ్యర్థికి పీజీలో 55 శాతం కావాలి.

కౌన్సిలింగ్ తరగతులు ఆదివారాల్లో జరిగేవి. వెళ్లితీరాలన్న నియమం నా కోర్సుకు లేదు. వెళ్లగలిగినప్పుడు వెళ్లాను, పాఠం కంటే, మూడు గంటల్లో ఐదు జవాబులు ఇంగ్లీషులో ఎలా పంచుకుని రాయాలో అక్కడ ఒక అధ్యాపకుడు చెప్పిన పద్ధతి ఎక్కువ ఉపయోగపడింది.

ఇప్పుడు చేరేవారికి నా కాలంలో లేని మెట్టు ఒకటి వచ్చింది. 2024 నుంచి దూరవిద్యలో చేరే విద్యార్థి ముందుగా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే డిజిటల్ ఖాతా) సంఖ్య తీసుకుని, దానితో యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ సృష్టించుకోవాలి. 2025 జనవరి సెషన్‌లో మా చెల్లెలిని చేర్పించినప్పుడు ఈ పని దగ్గరుండి చూశాను. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండటం మన వైపు మామూలే. ఈ తేడాతో తర్వాత చిక్కు రాకూడదని, తన ఆధార్‌లో పేరును ముందే పదో తరగతి ధ్రువపత్రం ప్రకారం మార్పించి, ఆ తర్వాతే దరఖాస్తు మొదలుపెట్టించాను.