ఆదివారం మధ్యాహ్నం, కైరో స్టేషన్‌లో

పొద్దున్నంతా పనులతోనే సరిపోయింది. వారం బట్టలు, ఇడ్లీ పిండి, గ్యాస్ బుకింగ్. అన్నాలయ్యాక ఆయన కునుకు తీస్తుంటే, ఎప్పటి నుంచో చూద్దామనుకుంటున్న ఈజిప్టు సినిమా పెట్టుకున్నాను. యూసుఫ్ షాహీన్ 1958లో తీసిన ‘బాబ్ ఎల్ హదీద్’. బయటి దేశాల్లో ‘కైరో స్టేషన్’ అనే పేరుతో ప్రసిద్ధం. నలుపు తెలుపు బొమ్మ, గంటంబావు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

కథంతా కైరో రైల్వే స్టేషన్‌లోనే. కాలు ఈడుస్తూ నడిచే కినావీ అక్కడ పేపర్లు అమ్ముతాడు. ఆ వేషం షాహీనే వేశాడు. రైలు పెట్టెల్లో లైసెన్సు లేకుండా కూల్‌డ్రింకులు అమ్మే హన్నూమా అంటే కినావీకి పిచ్చి. ఆమెకేమో కూలీలకు యూనియన్ పెట్టించాలని తిరిగే అబూ సెరీతో పెళ్లి కుదిరింది. కినావీ గుడిసె గోడల నిండా పత్రికల్లోంచి కత్తిరించిన ఆడవాళ్ల బొమ్మలే. ఆ రోజు పేపర్లోనేమో, ఒకామెను చంపి ట్రంకు పెట్టెలో కుక్కారన్న వార్త.

అసలు నేను రాసుకోవాలనుకున్నది రైల్లో పాట గురించి. ఆగి ఉన్న పెట్టెలో కుర్రకారు గిటార్లు వాయిస్తూ రాకెన్ రోల్ మొదలుపెడతారు. హన్నూమా వాళ్ల మధ్యకు దూరి, చేతిలో సీసాలతోనే ఊగడం మొదలుపెడుతుంది. హన్నూమా వేషం వేసిన హింద్ రుస్తుమ్ ఆడుతుంటే ఇది నేర్చుకున్న డాన్సు అనిపించదు. పొద్దుట్నుంచీ పోలీసుల కళ్లుగప్పి పరుగులు పెట్టిన పిల్లకు ఓ నాలుగు నిమిషాలు ఊపిరి దొరికినట్టుంటుంది. కిటికీ అవతల ప్లాట్‌ఫారం మీద కినావీ. లోపలికి వెళ్లడు, కిటికీలోంచే ఆమెను చూస్తూ మొహమంతా నవ్వుతో తనూ ఎగురుతాడు. సినిమా మొత్తంలో అతను అంత సంతోషంగా కనిపించేది అక్కడే. అప్పుడు నాకు అతని మీద భయం లేదు, జాలి కూడా లేదు. అతనితో పాటు నేనూ నవ్వుతున్నాను.

అబూ సెరీ రానే వచ్చాడు. ఆమెను లాక్కెళ్లి కొడతాడు. బయట నిలబడ్డ కినావీకి ముందు ఏడుపు, ఆ తర్వాత ఇద్దరూ కలిసిపోయి నవ్వుకోవడం వినిపిస్తాయి. షాహీన్ ఆ గది లోపలి సంగతి చూపించడు. రైలు చక్రాల బరువుకు పట్టా కుంగడం, లేవడం, మళ్లీ కుంగడం, దాని పక్కన కినావీ మొహం. ఈ రెండే మార్చి మార్చి చూపిస్తాడు. కినావీ కత్తి కొనేది ఆ తర్వాతే.

మన పాత క్రైమ్ సినిమాల్లో క్లబ్బు పాట ఉండేది. విలన్ గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు, హీరో మారువేషంలో వస్తాడు, పాట అయిపోయాక కథ ఆగిన చోటి నుంచి మళ్లీ నడుస్తుంది. నాకు అవీ ఇష్టమే. కానీ ఇక్కడ పాట మొదలయ్యేటప్పుడు ఉన్న కినావీ వేరు, ఆ రాత్రి కత్తి పట్టుకుని తిరిగే కినావీ వేరు. షాహీన్‌కు పాటలు కొత్తేమీ కాదు. 1957లోనే పాటలు పాడే తారలు ఫరీద్ అల్ అత్రాష్, షాదియాలతో ‘ఇంత హబీబీ’ అనే పాటల సినిమా తీశాడు, అందులో హింద్ రుస్తుమ్ కూడా ఉంది. పాటతో జనాన్ని ఎలా కుషీ చేయాలో బాగా తెలిసినవాడు కాబట్టే, ఆ కుషీని ఇలా వాడుకోగలిగాడనుకుంటాను.

మధ్యలో అత్తయ్యగారు వచ్చి పక్కన కూర్చున్నారు. భాష అర్థం కాకపోయినా చూస్తూనే ఉన్నారు. కొట్టే సీనప్పుడు, “ఆ పిల్ల ఏం తప్పు చేసిందే? నాలుగు సోడాలమ్ముకుని కాసేపు ఎగిరింది, అంతేగా” అన్నారు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. యూనియన్ కోసం నిలబడ్డ మంచివాడూ కొడతాడు, అమాయకుడిలా కనబడేవాడూ కత్తి ఎత్తుతాడు. ఇద్దరి మధ్యా ఆమె బతుకు. 1958లో ఇంత నిర్మొహమాటంగా చెప్పినందుకు షాహీన్ అంటే నాకు గౌరవం పెరిగింది.

చివరి సీను చూడ్డం మాత్రం కష్టమైంది. రాత్రి, పట్టాల మధ్య, హన్నూమా కినావీ కత్తి కింద ఉంటుంది. అతనికి పనిచ్చి చేరదీసిన పేపర్ల కొట్టు మద్బూలీ దగ్గరికొచ్చి, నీకు హన్నూమాతోనే పెళ్లి చేస్తాను, ఇదిగో పెళ్లిబట్టలు తొడుక్కో అని తండ్రిలా బుజ్జగిస్తాడు. తొడిగేది పిచ్చివాళ్లను కట్టేసే చొక్కా. అది తెలిశాక కినావీ వేసిన కేకకు అత్తయ్యగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు.

అప్పట్లో కైరో జనానికి ఈ సినిమా నచ్చలేదట. అబూ సెరీ వేషం వేసిన ఫరీద్ షౌకీ అంటే ఫైట్ల హీరో. ఆయన కోసం వచ్చినవాళ్లకు తెరంతా కినావీయే కనబడితే కోపం రాదూ! అదే ఏడాది బెర్లిన్ ఉత్సవంలో పోటీకి వెళ్లింది. ఇవాళ అరబ్ సినిమా గురించి మాట్లాడేవాళ్లు దీని పేరెత్తకుండా ఉండరు.

సాయంత్రం టీ తాగుతూ ఆయనకు కథ చెప్పాను. ఆయన ఏ సినిమా చూసినా పాటల్ని ముందుకు జరిపేసే రకం. ఈ ఒక్కటీ జరపొద్దని చెప్పి, ఆ పాట దగ్గర్నుంచి పెట్టిచ్చాను. పట్టా కుంగే షాట్ దాకా చూసి, మొదటినుంచీ పెట్టమన్నారు. ఇడ్లీ ప్లేట్లు పొయ్యెక్కించి నేనూ వచ్చి కూర్చున్నాను.