అమ్మ గర్భసంచి, నా మూత్రనాళం

మేడారం జాతర స్పెషల్ డ్యూటీలో మొదలైంది. 2022 ఫిబ్రవరి. హన్మకొండ నుంచి మేడారం, మేడారం నుంచి హన్మకొండ, మూడు రోజులు బస్సులోనే తిండి, బస్సులోనే కునుకు, తాగితే మళ్లీ ఎక్కడ దిగాలోనని నీళ్లు కూడా లెక్కపెట్టుకుని తాగడం. కండక్టర్ ఉద్యోగంలో ఇది కొత్తేమీ కాదు. పస్రా దాటాక బస్సు జామ్‌లో ఇరుక్కుంటే దిగి చెట్లలోకి పోయాను. ఎర్రగా వచ్చింది. కింద ఎండిన టేకాకు ఒకటి ఉంది, దాని మీద సన్నగా, పొడుగ్గా, వానపాము పిల్లలాంటి రక్తపు గడ్డ పడింది. చెప్పుతో ఆకు బోర్లించి, వచ్చి బస్సెక్కి రైట్ రైట్ అన్నాను. ఎవరికీ చెప్పలేదు.

నొప్పి ఏమాత్రం లేదు. నన్ను ముంచింది అదే.

రెండు రోజులకు మామూలైపోయింది. వేడి చేసిందనుకున్నాను, మా ఆవిడ సబ్జా గింజలు నానబెట్టి ఇస్తే తాగాను. ఉగాదికి మళ్లీ వచ్చింది. ఈసారి ఇంటి దగ్గరి క్లినిక్‌కు పోతే (పేరెందుకులెండి) ఇన్ఫెక్షన్ అని ఐదు రోజుల కోర్సు రాశారు. తగ్గింది. మళ్లీ వచ్చింది. ఇంకో కోర్సు. కల్చర్ రిపోర్టులో ఏ క్రిమీ పెరగలేదని రాసున్నా మూడోసారి కూడా యాంటీబయాటిక్సే. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ కొంచెం వాచినట్టు ఉంది, రాయి ఉండి పడిపోయి ఉంటుందన్నారు. నేనూ హాయిగా నమ్మాను, మా డిపోలో రాళ్లు లేనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు మరి. అలా నాలుగు నెలలు పోయాయి. కోపం ఉందా అంటే ఉంది. కానీ ఆ వానపాము సంగతి నేను కూడా వాళ్లతో ఒక్కసారి చెప్పలేదు కదా.

జూన్‌లో కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయాను. అక్కడి యూరాలజీ డాక్టర్ ఫైలు తెరవకముందే మూడు ప్రశ్నలు అడిగారు. గడ్డలు ముద్దగా పడుతున్నాయా, దారంలా పొడుగ్గానా? వేరు మందులు, పసరు మందులు ఏమైనా వాడారా? మీ అమ్మగారు ఎలా పోయారు?

మొదటిదానికి నోట మాట రాలేదు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే సన్నటి నాళంలో రక్తం గడ్డకడితే ఆ నాళం ఆకారంలోనే పడుతుందట, అందుకే వానపాములా ఉంది. రెండోది ఎందుకంటే, మన దగ్గర పాముకాటుకు నూరిపోసే ఈశ్వరి వేరు, గాడిదగడపాకు, ఈ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ యాసిడ్ అనే విషం ఉంటుంది. అది కిడ్నీని పాడుచేయడమే కాకుండా డీఎన్ఏలో ఏ అనే అక్షరం ఉండాల్సిన చోట టీ పెట్టి పోతుంది. క్యాన్సర్ గడ్డలో ఆ మార్పులు చూసి, ఇది ఆ మొక్క పనే అని చెప్పగలరట. తైవాన్‌లో మూలికా మందుల వల్ల, యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల పక్కన గోధుమల్లో ఈ కలుపు గింజలు కలవడం వల్ల ఈ జబ్బు చాలామందికి వచ్చింది. మా తాతది ములుగు వైపు ఊరు కాబట్టి చిన్నప్పుడు ఏవేవో పసర్లు తాగించారు గానీ నాకు గుర్తున్నంతలో ఇది లేదు.

మూడోదానికి చిరాకేసింది. మూత్రంలో రక్తమని వస్తే అమ్మ గురించి ఎందుకు? అమ్మ నలభై నాలుగేళ్లకు గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. బీడీలు చుట్టేది, ఆ పొగాకు వల్లేనన్నారు అందరూ. మేనమామ యాభై ఒకటికి పేగు క్యాన్సర్‌తో పోయాడు, అది తాగుడు వల్లన్నారు. ఎవరికి రావాల్సిన కారణం వాళ్లకు పంచేశాం. డాక్టర్ పెన్ను పక్కన పెట్టి, "మీ వయసెంత?" అన్నారు. నలభై తొమ్మిది.

సీటీ యూరోగ్రామ్‌లో, అంటే మూత్రం దిగే దారంతా చూపించే స్కాన్‌లో, ఎడమ మూత్రనాళంలో గడ్డ దొరికింది. కెమెరా పంపి ముక్క తీశారు. క్యాన్సర్. హై గ్రేడ్, అంటే జోరుగా ముదిరే రకం.

జులైలో ఆపరేషన్. ఎడమ కిడ్నీ, దాని నాళం మొత్తం, మూత్రాశయంలో అది కలిసేచోట చిన్న ముక్క. ఇంత గడ్డకు ఇంత తీయాలా అని మా ఆవిడ ఏడ్చింది. పైపుతో వారం రోజులు ఇంట్లో తిరిగాను, సంచి కనపడకుండా లుంగీ మీద తువ్వాలు కట్టుకుని.

అసలు కథ ఆ గడ్డను పరీక్షకు పంపాక తెలిసింది. కిడ్నీ లోపలి నుంచి మూత్రాశయం దాకా పొర ఒకటే, మైక్రోస్కోప్‌లో క్యాన్సర్ కూడా ఒకేలా కనిపిస్తుంది. నూటికి తొంభై మందికి పైగా మూత్రాశయంలోనే వస్తుంది, నాలా పైన వచ్చేవాళ్లు ఐదు నుంచి పది మందే. కానీ జన్యువులు చూస్తే తేడా ఉంది. మూత్రాశయం కండరంలోకి దిగిన క్యాన్సర్లలో టీపీ53, ఆర్‌బీ1 అనే జన్యువులు పాడవడం ఎక్కువ, పైన వచ్చేవాటిలో ఎఫ్‌జీఎఫ్ఆర్3, హెచ్‌రాస్ అనే జన్యువుల్లో మార్పులు ఎక్కువ. ఎఫ్‌జీఎఫ్ఆర్3 మార్పు ఉన్నవాళ్ల కోసం ఎర్డాఫిటినిబ్ అనే మాత్రకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. నా భాషలో చెప్పాలంటే రూటు ఒకటే, బస్సులు వేరు.

నాది ఇంకో బస్సు. రిపోర్టులో ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే రెండు ప్రోటీన్లు లేవని వచ్చింది. ఇవి మా చెకింగ్ స్క్వాడ్ లాంటివి. కణం రెండుగా అయ్యేటప్పుడు డీఎన్ఏ నకలులో తప్పులుంటే పట్టుకుని సరిచేస్తాయి. ఎంఎస్‌హెచ్2 లేకపోతే దానికి ఆనుకుని ఉండే ఎంఎస్‌హెచ్6 కూడా నిలబడదు. రక్త పరీక్షలో తేలింది, నాకు పుట్టుకతోనే ఎంఎస్‌హెచ్2 జన్యువు రెండు కాపీల్లో ఒకటి పాడై ఉంది. అమ్మ నుంచి. నాన్న ఇచ్చిన మంచి కాపీ ఇన్నేళ్లు ఒంటరిగా డ్యూటీ చేసి, మూత్రనాళంలో ఏదో ఒక కణంలో చేతులెత్తేసింది. దీని పేరు లించ్ సిండ్రోమ్. దీనివల్ల క్యాన్సర్ ఎక్కువగా పేగుకు, గర్భసంచికి వస్తుంది, ఎంఎస్‌హెచ్2 పాడైనవాళ్లకు మూత్రనాళానికి కూడా.

మా అమ్మాయి ఫోన్‌లో చదివి ఒకటి చెప్పింది. 1895లో అమెరికాలో మిషిగన్‌లో ఒక బట్టలు కుట్టే ఆమె వార్తిన్ అనే డాక్టర్‌తో, మా ఇంట్లో అందరూ పేగు, గర్భసంచి జబ్బులతోనే పోతారు, నేనూ అంతే అందట. అంతే అయింది. ఆయన ఆ కుటుంబం వివరాలన్నీ రాసి 1913లో ప్రచురించాడు. మా అమ్మ కూడా చేటలో తునికాకు కత్తిరిస్తూ "మా పుట్టింట్ల ఎవ్వరూ ముసలోళ్లు గాలేదు బిడ్డా" అనేది. రాసుకునేవాళ్లు లేరు, అంతే.

కీమో నాలుగు విడతలు, మూడు వారాలకొకటి. అందులోని సిస్‌ప్లాటిన్ అనే మందు కిడ్నీ మీద పడుతుంది, నాకున్నది ఒక్కటే, అందుకని ప్రతిసారీ కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, సెలైన్లు ఎక్కించి, అప్పుడు మందు. పోపు వాసన వస్తే చాలు కడుపులో తిప్పేది. నోరంతా ఇనుప ముక్క చప్పరించినట్టు. రెండో విడత తర్వాత పచ్చిపులుసు ఒక్కటే నోటికి పట్టింది, ఉల్లిపాయ ఎక్కువ వేసి, అన్నంలో కాదు, గ్లాసులో పోసుకుని. చెవుల్లో అప్పుడు మొదలైన గుయ్ మనే మోత ఇప్పటికీ కొంచెం ఉంది. తప్పులు బాగా పోగుపడ్డ ఇలాంటి గడ్డలను ఒంట్లోని రక్షణ కణాలు తేలిగ్గా గుర్తుపడతాయట, కాబట్టి తిరగబెడితే ఆ కణాలను ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఉందని డాక్టర్ చెప్పారు. ఇంతవరకు ఆ అవసరం పడలేదు.

అయితే మూత్రాశయంలోకి కెమెరా మాత్రం మొదట్లో మూడు నెలలకోసారి తప్పలేదు. పైనుంచి జారిన కణమే కింద నాటుకుని మళ్లీ రావడం ఈ జబ్బులో మామూలేనట. ఆ రోజు ముందు రాత్రి నేను నిద్రపోయింది లేదు. 2024 జాతరకు లైట్ డ్యూటీ ఇచ్చారు, పాయింట్ దగ్గర కూర్చుని బస్సులు పంపించాను, నీళ్ల బాటిల్ మాత్రం వదల్లేదు.

మందులకన్నా కష్టమైంది ఇంట్లోవాళ్లకు చెప్పడం. తోబుట్టువులకు సగం సగం అవకాశం, పిల్లలకూ అంతే. జనగామలో ఉన్న చెల్లె ముందు ఏడ్చింది, తర్వాత రక్తం ఇచ్చింది, ఉందని వచ్చింది. కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూస్తే, రెండు బుడిపెలు దొరికితే అప్పుడే తీసేశారు, ముదిరితే అవే క్యాన్సర్ అయ్యేవి. మా అమ్మాయికి లేదు. ఆ రిపోర్టు పట్టుకుని హాస్పిటల్ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

తమ్ముడు దుబాయ్‌లో. రెండేళ్లు ఈ మాట ఎత్తితే చాలు ఫోన్ పెట్టేసేవాడు. "నాకేం లేదన్నా, నీకు వచ్చిందని అందరికీ రావాల్నా?" అనేవాడు. నేనూ పోట్లాడటం మానేసి, చెల్లె రిపోర్టు ఫొటో పంపి ఊరుకున్నాను. మొన్న సెలవు మీద వచ్చాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అన్నా, ఆ రక్తం పరీక్షకు పరగడుపున రావాల్నా?" అని అడిగాడు.

అక్కర్లేదురా, తిని రా అన్నాను.