టేకు డైనింగ్ కుర్చీలు కిర్రుమంటున్నాయా

మా ఇంట్లో డైనింగ్ కుర్చీలు బలార్షా టేకువి, నాన్నగారు మేస్త్రీని ఇంటికి పిలిపించి దగ్గరుండి చేయించినవి. చూసినవాళ్లందరూ "ఏం పాలిష్ వేయించారండీ" అనే అడుగుతారు, వంగి కింద జాయింట్లు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నన్నడిగితే ఈ కుర్చీలు పాడయ్యేది పాలిష్ పోయి కాదు, జాయింట్లు వదులై. సోఫా ఒక మూల పడుంటుంది, వీటిని మాత్రం పూటపూటా లాగుతాం తోస్తాం, పైగా తిన్నాక వెనక్కి వాలి ముందు కాళ్లు గాల్లోకి లేపి ఊగే మహానుభావులు ఇంటికొకరుంటారు (మా ఇంట్లో బావగారు, ఆయనకి చెప్పలేం కదా). ఆ బరువంతా వెనక కాలూ సీటు పట్టీ కలిసే చోటే పడుద్ది.

దానికి తోడు మన వాతావరణం. ఎంత బాగా సీజన్ చేసిన (అంటే ఆరబెట్టిన) టేకైనా వానాకాలం కాస్త ఉబ్బుద్ది, రోహిణి కార్తెలో కుంచించుకుపోద్ది, అది కూడా అడ్డంగానే, పొడుగులో పెద్ద మార్పుండదు. ఏటా బిగిసి వదిలి, బిగిసి వదిలి చివరికి జిగురు పట్టు పోతుంది. ఎండాకాలంలో కిర్రుమంది కదా అని కంగారుపడి మేకులు మాత్రం కొట్టించకండి, చెక్క చీలిందంటే ఇక ఆ కాలే మార్చాలి.

అసలు పద్ధతేంటంటే, గుడ్డ చుట్టిన సుత్తితో మెల్లిగా తట్టి జాయింటు విప్పి లోపల గట్టిపడ్డ పాత జిగురంతా ఉలితో గీకెయ్యాలి. ఫెవికాల్ చెక్క పీచులోకి ఇంకితేనే పట్టుకుంటుంది, ఎండిపోయిన పాత ఫెవికాల్ మీద కొత్తది వేస్తే ఏం లాభం లేదు. చాలామంది విప్పకుండా సందులోకి పిండేసి అయిపోయిందనుకుంటారు, కొన్నాళ్లకి మళ్లీ మొదటికే. కొత్త ఫెవికాల్ రాసి జాయింటు కలిపాక బిగించి పట్టే క్లాంపులు లేకపోతే కాళ్ల చుట్టూ తాడు రెండు వరసలు కట్టి మధ్యలో కర్రముక్క దూర్చి మెలితిప్పితే చాలు. తర్వాత సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి 24 గంటలు ఎవర్నీ కూర్చోనివ్వకూడదు, నేల ఎత్తుపల్లంగా ఉంటే జిగురు ఆరాక కుర్చీ జన్మంతా టకటకలాడుద్ది.

ఇంకో శత్రువు రోజూ పెట్టే తడిగుడ్డ. కాలి అడుగున కోత కొస (చెక్కని అడ్డంగా కోసిన చివర) ఉంటుంది కదా, నీళ్లు పీల్చేది అక్కణ్ణుంచే, అందుకే కాళ్ల చివర్లు నల్లబడతాయి. కుర్చీలు తిరగేసి ఆ కొసలకి కూడా పాలిష్ పట్టించండి, మేస్త్రీలు అక్కడ వదిలేస్తారు. తొడిగే రబ్బరు బుష్‌ల్లో నీళ్లు నిలుస్తాయి, నా ఓటు అడుగున బిగించే ప్లాస్టిక్ బిళ్లలకే.

పాలిష్ సంగతి క్లుప్తంగా. పాత కుర్చీలైతే చాలావరకు లక్కతో వేసిన చపడా పాలిషే, స్పిరిట్ తగిలితే కరుగుతుంది, కాబట్టి శానిటైజర్ చేతులతో పట్టుకోకండి. కింద కనపడని చోట ఒక్క చుక్క స్పిరిట్ వేసి చూడండి, జిగటగా అయితే చపడా, ఏమీ కాకపోతే స్పిరిట్‌కి కరగని మెలమైన్ పాలిషో పీయూ (పాలియురెథేన్) పాలిషో అయ్యుంటుంది. మెరుస్తాయని కొబ్బరినూనె రాయమనే వీడియోలు నమ్మొద్దు, అది ఆరే నూనె కాదు, దుమ్ము పట్టి జిడ్డవుద్ది. తలలు ఆనించే పైపట్టీకి అసలే జిడ్డు, గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి గుడ్డ గట్టిగా పిండి తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఆరబెడితే పోతుంది.

చివరగా పుచ్చు. టేకుకి పట్టదంటారు గానీ అది లోపలుండే ముదురు చెక్కకే, అదే చేవకే, అంచున ఉండే తెల్ల చెక్కకి శుభ్రంగా పడుతుంది. కుర్చీ కింద మైదాలాంటి మెత్తటి పొడి రోజూ రాలుతుంటే అదే. ముందా కుర్చీని మిగతావాటి పక్కనుంచి తీసి వరండాలో పడేయండి, మందు కొట్టించే సంగతి తర్వాత చూడొచ్చు.