లెక్కలతో మొదలైన రాజ్యం

బెల్జియంలో 2010 జూన్ ఎన్నికల తరువాత పార్టీల మధ్య ఒప్పందం కుదరకపోవడంతో 541 రోజుల పాటు కొత్త ప్రభుత్వం ఏర్పడలేదు. రాజీనామా చేసిన మంత్రివర్గమే పరిమిత అధికారాలతో ఆపద్ధర్మంగా కొనసాగింది. అయినా ఆ కాలమంతటా పన్నులు వసూలయ్యాయి, పింఛన్లు అందాయి, న్యాయస్థానాలు తీర్పులు చెప్పాయి, 2011లో లిబియాపై జరిగిన సైనిక చర్యలో సైతం ఆ దేశం పాల్గొన్నది. సోమాలియా అనుభవం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. 1991 జనవరిలో ఆ దేశాన్ని పాలిస్తున్న నియంత సియాద్ బారే రాజధాని విడిచి పారిపోయినప్పుడు పడిపోయింది ఆయన ప్రభుత్వం ఒక్కటే కాదు. సైన్యం, ఖజానా, న్యాయస్థానాలు, పోలీసు వ్యవస్థ అన్నీ కూలిపోయి, దేశమంతటా చెల్లుబాటయ్యే ఆజ్ఞ ఇవ్వగల సంస్థ ఏళ్ల తరబడి లేకుండా పోయింది. ప్రభుత్వం వేరు, రాజ్యం వేరు అని రాజనీతి పాఠాలు చెప్పే మాటకు ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనాలు నాకు కనిపించలేదు. అధికారాన్ని ప్రస్తుతానికి చేతిలో పెట్టుకున్నవారు ప్రభుత్వమైతే, చేతులు మారినా నిలిచి ఉండే ఆ అధికార యంత్రాంగం రాజ్యం.

ఆ యంత్రాంగం స్వభావం గురించి తరచుగా ఉదహరించే నిర్వచనం, జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో మ్యూనిక్‌లో చేసిన ఉపన్యాసంలోనిది. ఒక నిర్ణీత భూభాగంలో న్యాయసమ్మతమైన బలప్రయోగంపై గుత్తహక్కు తనదేనని చెప్పుకొని, ఆ మాటను నెగ్గించుకోగలిగిన మానవ సముదాయమే రాజ్యమని ఆయన అన్నారు. 1933లో అమెరికా ఖండాల దేశాలు ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో కుదుర్చుకున్న ఒప్పందం స్థిరమైన జనాభా, నిర్ణీత భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం అనే నాలుగు లక్షణాలను పేర్కొంది. రెండింటిలోనూ ప్రయోజనం ప్రస్తావన లేదు. వెబర్ దాన్ని తెలిసే వదిలిపెట్టారు. చరిత్రలో ఏదో ఒక రాజ్యం చేపట్టని పని లేదు కనుక, పనిని బట్టి కాక సాధనాన్ని బట్టే రాజ్యాన్ని గుర్తించాలన్నది ఆయన వాదం. వర్ణన వరకు ఆ వాదంతో నాకు పేచీ లేదు. కాని బలం ఎవరి చేతిలో ఉందో చెప్పినంత మాత్రాన, దానికి మనుషులు ఎందుకు లోబడాలో చెప్పినట్లు కాదు.

ఆ ప్రశ్నకు ప్రాచీనులు కథలతో జవాబిచ్చారు. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయానికి తాళలేక జనం మనువును రాజుగా చేసుకున్నారని, ధాన్యంలో ఆరో వంతు, సరుకులో పదో వంతు, దానితో పాటు బంగారం ఆయన భాగంగా నిర్ణయించారని, అందుకు బదులుగా రాజులు ప్రజల యోగక్షేమాల భారం వహించారని కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఉంది. ఈ కథను ఉదహరించేవారు చాలామందే గాని, అది ఆ గ్రంథంలో ఎవరి నోట వస్తుందో చెప్పేవారు తక్కువ. రాజుకు ఆ గ్రంథం ఇచ్చే సలహా ఇది: తీర్థాల వద్ద, సభలలో, జనం గుమిగూడే చోట్ల ఇద్దరు గూఢచారులు పనిగట్టుకొని వాదులాడుకోవాలి; రాజు దండనలతో, పన్నులతో పీడిస్తున్నాడని ఒకడు నిందిస్తే, రెండోవాడు ఈ కథ చెప్పి అతడి నోరు మూయించాలి. అంటే ఇది రాజ్యమే పనిగట్టుకొని ప్రచారం చేయించిన కథ. అయితే ప్రచారానికి ఎంచుకున్న ఈ కథే రాజ్యాన్ని ఒక మాటకు కట్టిపడేస్తున్నది. పన్ను అనేది రక్షణకు ఇచ్చే ప్రతిఫలమని ఒకసారి ఒప్పుకున్న తరువాత, రక్షించని రాజుకు ఆ ప్రతిఫలం ఎందుకివ్వాలన్న ప్రశ్నను ఏ గూఢచారీ ఆపలేడు.

పాళీ బౌద్ధ వాఙ్మయంలోని అగ్గఞ్ఞ సుత్తం మరింత లోతుకు వెళుతుంది. తనంత తానే పండే వరిని మనుషులు దాచుకోవడం మొదలుపెట్టాకే పొలాలకు హద్దులు ఏర్పడ్డాయని, హద్దుల వెంటనే దొంగతనం, అబద్ధం, దండన వచ్చాయని, అప్పుడు జనం తమలో ఒకరిని ఎంచుకొని దోషులను శిక్షించే పనికి బదులుగా తమ వరిలో వాటా ఇస్తామన్నారని, అతడే మహాసమ్మతుడని అది చెబుతుంది. నిల్వకు, ఆస్తికి, అధికారానికి నడుమ ఉన్న ముడిని అంత తొలినాళ్లలోనే పట్టుకోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఎందుకంటే తవ్వకాలలో దొరికిన సాక్ష్యం కూడా నిల్వ దగ్గరికే తీసుకెళుతుంది. దక్షిణ మెసొపొటేమియా (నేటి ఇరాక్)లోని ఉరుక్ నగరంలో ఐదు వేల ఏళ్లకు పైబడిన మట్టి పలకలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. వాటిలో అత్యధిక భాగం బార్లీ ఎంత వచ్చింది, మందలో గొర్రెలెన్ని, పనివాళ్లకు గింజలు ఎంత కొలిచి ఇచ్చారు అన్న లెక్కలే. స్తోత్రాలు, గాథలు రాతకెక్కడానికి ఇంకా కొన్ని శతాబ్దాలు పట్టింది. తొలి రాజ్యాలు ఎక్కువగా ధాన్యం పండే చోట్లే ఎందుకు తలెత్తాయో వివరించే వాదాలలో నాకు బలమైనదిగా తోచేది ఇది: ధాన్యం నేలమీద కళ్లకు కనబడుతుంది, ఒకే అదనులో కోతకు వస్తుంది, కొలవడానికీ, మోయడానికీ, దాచడానికీ వీలుగా ఉంటుంది, భూమిలో ఉండి, కావలసినప్పుడు తవ్వుకునే దుంపల మీద పన్ను వేయడం అంత తేలిక కాదు. ఎడారి, కొండలు, సముద్రం చుట్టుముట్టి, ఓడినవారికి పారిపోయే చోటు లేని నైలు లోయ, పెరూ తీరపు లోయల వంటి ప్రాంతాలలోనే యుద్ధం రాజ్యానికి దారితీసిందని 1970లో మానవ శాస్త్రవేత్త రాబర్ట్ కార్నీరో అన్నారు. ఈ రెండు వాదాలలోనూ స్వచ్ఛందమైన ఒప్పందానికి చోటు లేదు. దాదాపు ప్రభుత్వాలన్నీ ఆక్రమణ మీదో, దండయాత్ర మీదో నిలిచినవేనని స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లోనే రాశారు. ఆయన చెప్పింది నిజమని నా అభిప్రాయం.

అలాగని, పుట్టుక బలప్రయోగమైతే ప్రయోజనం కూడా అంతేనని తీర్మానించడం నాకు సమ్మతం కాదు. క్రీస్తు పూర్వం 24వ శతాబ్దంలో మెసొపొటేమియాలోని లగాష్ నగరాన్ని పాలించిన ఉరుకగిన శాసనాలను చూడండి. పడవలపైనా, మందలపైనా, చేపలపైనా కూర్చుని వసూళ్లు చేస్తున్న అధికారులను తొలగించానని, శవసంస్కారానికి తీసుకునే రుసుము తగ్గించానని, వితంతువును, అనాథను బలవంతుడి చేతికి అప్పగించనని దేవుడికి మాట ఇచ్చానని వాటిలో ఉంది. ఆయన ఇందులో ఎంత నెరవేర్చాడన్నది వేరే విషయం. వసూళ్లకు హద్దు ఉండాలన్న మాట రాజు నోటివెంట రావలసి వచ్చిందంటే, వసూళ్లకు గురైనవారి గొంతు అప్పటికే అక్కడిదాకా చేరి ఉండాలి.

ఇంగ్లండులో ఆ గొంతుకు చట్టరూపం రావడానికి శతాబ్దాలు పట్టింది. రాజ్యమంతటి సమ్మతి లేకుండా కొన్ని పన్నులు వేయరాదన్న నిబంధన, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పంద పత్రం మాగ్నా కార్టాలో ఉండగా, మరుసటి ఏడాది దాన్ని తిరిగి జారీ చేసినప్పుడు ఆ నిబంధననే తీసివేశారు. పార్లమెంటు అనుమతి లేని పన్ను చట్టవిరుద్ధమని 1689లో హక్కుల చట్టం తేల్చిచెప్పేలోగా ఒక రాజు తల తెగింది. రాజ్యం ప్రయోజనం అనేది దాని పుట్టుకలో ఉన్నది కాదని, చెల్లించేవారు లెక్క అడిగి అడిగి దానిలో ప్రవేశపెట్టినదని నేను నమ్మడానికి ఇదే ఆధారం. పాలనకు జనం ఇష్టపడి ఒప్పుకున్నారని చెప్పే సామాజిక ఒప్పందం ఎన్నడూ జరగలేదు. అయినా అది జరిగిందన్నట్లుగా జవాబు అడిగే హక్కు మనుషులకు ఉంది.

లెక్క అడిగే దారి మూసుకుపోయినప్పుడు రాజ్యం దగ్గరున్న లెక్కలు ఏం చేయగలవో నెదర్లాండ్స్ చరిత్ర చెబుతుంది. పాలన సౌకర్యం కోసం మతంతో సహా ఎంతో శ్రద్ధగా నమోదు చేసిన అక్కడి జనాభా పట్టికలు 1940లో నాజీల చేతికి చిక్కాయి. ఆ దేశపు యూదులలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది హతమయ్యారు. 1943 మార్చి 27న ప్రతిఘటన ఉద్యమకారులు ఆమ్‌స్టర్‌డామ్ జనాభా నమోదు కార్యాలయానికి నిప్పు పెట్టారు గాని, కాలినది కొంత భాగమే.

అయితే ఏ రాజ్యపు పట్టికలోనూ పేరు లేకపోవడం రక్షణ కాదు. ప్రతి ఒక్కరికీ జాతీయత పొందే హక్కు ఉందని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 15వ అధికరణం చెబుతున్నా, ఏ రాజ్యమూ తన పౌరులుగా గుర్తించని మనుషులు నేటికీ లక్షల సంఖ్యలో ఉన్నారు. వారిలో చాలామంది సంతలో కొన్న ప్రతి వస్తువుపైనా పన్ను కడుతూనే ఉన్నారు. వారు లెక్క అడగడానికి మాత్రం ఏ కార్యాలయమూ లేదు.