వెనక్కి వెళ్లిన సముద్రం

నిన్న చెన్నై కాసిమేడులో సునామీ శిక్షణకి వెళ్లి కళ్లముందే జరుగుతున్నట్టు దృశ్యాలు చూపించే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్నాను. ముందు అల రాలేదు. నీళ్లు వెనక్కి వెళ్లాయి, తడి ఇసుకలో చేపలు కొట్టుకుంటున్నాయి. చూద్దామని రెండడుగులు ముందుకు వేశాను. పక్కన టీవీలో అదే చూస్తున్న మా పెద్దమ్మ నా చెయ్యి పట్టి లాగింది. "పోవద్దురా!" అని అరిచింది.

2004 డిసెంబర్ 26న ఆమె ఈ తీరంలోనే ఉంది. సుమత్రా దగ్గర భూకంపం వచ్చి రెండు గంటలు దాటాకే నీళ్లు ఇక్కడికి చేరాయి. అంత టైమున్నా చెప్పేవాళ్లు లేరు. హైదరాబాద్‌లో హెచ్చరిక కేంద్రం వచ్చింది 2007లో. అయినా కబురు అందగానే ఎటు పరుగెత్తాలో కాళ్లకి తెలిసుండాలి కదా. మొదటి అల తగ్గిందని పడవల కోసం దిగకూడదు, తర్వాతది ఇంకా పెద్దది కావచ్చు.

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవణ్ణి పిలిచి, వాడి తలకి తనే హెడ్‌సెట్ పట్టీ బిగించింది.