మిద్దె మీది బెండ, యూరియా మోతాదు, రసం పీల్చే పురుగులు: 48వ రోజు

హనుమకొండ మిద్దె మీద మృగశిర కార్తెలో విత్తిన 12 సంచుల బెండ కాపుకొచ్చింది. మూడో విడత యూరియా ఇచ్చి మూడు రోజులు. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులు యూరియా ఎక్కువైతే పెరుగుతాయా అని చూడడానికే ఈ పరీక్ష. మోతాదులు నాలుగు, ఒక్కోదానికి మూడు సంచులు: సున్నా, సగం, పూర్తి, రెండింతలు.

పూర్తి మోతాదు అంటే ఎకరానికి 48 కిలోల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి అది 104 కిలోల యూరియా. ఎకరంలో ఆరంగుళాల లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు. ఆ లెక్కన 10 కిలోల ఎర్రచలక మట్టి పట్టే సంచికి పంట మొత్తానికి 1.2 గ్రాముల యూరియా చాలు. చిటికెతో వేస్తే మోతాదు ఇట్టే దాటిపోతుంది.

వంటింటి కాటా గ్రాము తేడాను సరిగ్గా పట్టదు. అందుకే 40 గ్రాముల యూరియా లీటరు నీళ్లలో కరిగించి, అందులో 100 మి.లీ. తీసి మళ్లీ లీటరు చేయాలి. ఈ పలుచని నీళ్లు 100 మి.లీ. పోస్తే 0.4 గ్రాములు. 15, 30, 45 రోజులకు మూడుసార్లు. సగానికి 50, రెండింతలకు 200 మి.లీ. తక్కువ పడ్డచోట ఉత్త నీళ్లు కలిపి అన్నింటికీ 200 మి.లీ. చేయాలి, లేకపోతే తడి తేడానే ఎరువు తేడాగా కనబడుతుంది. వర్మీకంపోస్టు వేయొద్దు, అందులోనూ నత్రజని ఉంటుంది.

పురుగుల లెక్క పొద్దున ఎనిమిదింటి లోపే. పై, నడిమి, కింది ఆకులు ఒక్కోటి మెల్లగా తిప్పి పిల్లపురుగులనే లెక్కపెట్టాలి. మొదటి రెండు వారాలు రెక్కలొచ్చిన తెల్లదోమను కూడా కలపడంతో లెక్క తప్పింది: సున్నా సంచుల్లో ఆకు పసుపు తిరిగింది, తెల్లదోమ పసుపు రంగుకే వచ్చి వాలుతుంది. వాలడం వేరు, పిల్లలు పెరగడం వేరు. పచ్చదోమ పిల్లలు ఆకు తిప్పగానే అడ్డంగా పరుగెత్తుతాయి, వాటినే ముందు లెక్కించాలి.

ఇప్పటికి రెండింతల సంచుల్లో ఆకు నల్లపచ్చగా, మెత్తగా ఉంది. పచ్చదోమ పిల్లలు వీటిలోనే ఎక్కువ, ఆకు అంచులు ముడుచుకోవడం మొదలైంది. చిగుళ్లకు పేనుబంక, కింది ఆకుల మీద తేనెబంక మెరుపు. కాయ మాత్రం పూర్తి మోతాదుకు మించి దిగలేదు.

మొక్క ఈనెల్లో పారే రసంలో చక్కెర దండి, నత్రజని పలుచన. సరిపడా నత్రజని కోసం పేనుబంక రసం విపరీతంగా తాగి, మిగులు చక్కెరను తేనెబంకగా వదులుతుంది. యూరియా ఎక్కువైతే రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. పిల్ల తొందరగా ఎదుగుతుంది, తల్లి ఎక్కువ పిల్లలు పెడుతుంది. పత్తి చేలలో యూరియా పడి చేను నల్లబడ్డాక దోమ లేవడానికి ఇదొక ముఖ్య కారణం, అందుకే ఒకేసారి కుమ్మరించకుండా విడతలుగా వేయమంటారు.

చీమలు తేనెబంక కోసం పేనుబంకను కాచి, దాన్ని తినే అక్షింతల పురుగులను తరిమేస్తున్నాయి. చీమలు ఎక్కకుండా సంచులను నీళ్ల పళ్లేల్లో నిలబెట్టాలి, పళ్లెంలో ఇటుక ముక్క పెడితే వేరు కుళ్లదు. సంచుల మధ్య నాలుగడుగుల ఎడం కావాలి, వారానికోసారి చోట్లు మార్చాలి. గోడ పక్క సంచి వేడికి వేరుగా నడుస్తోంది.

లెక్క 75వ రోజు దాకా. వేపనూనె ఆ తర్వాతే.